గైడ్ గీతలూ కటింగ్ కత్తీ: ఏటా పనికొచ్చే ముద్రణ టెంప్లేట్

చెన్నైలోని మా తెలుగు మిత్రబృందం ఏటా ఉగాదికి ఒక కవి సమ్మేళనం జరుపుతుంది. దాని ఆహ్వాన పత్రిక తయారుచేసే బాధ్యత కొన్నేళ్లుగా నా మీద ఉంది. పత్రిక పెద్దదేమీ కాదు. ఏ5 కాగితం, ఒక వైపు మామిడి తోరణంతో ముఖచిత్రం, రెండో వైపు కవుల పేర్లు, వేదిక, వేళ. ఏటా మారేవి పేర్లూ తేదీ సంవత్సరం పేరూ మాత్రమే. అయినా మొదట్లో ప్రతిసారీ కొత్త ఫైలు తెరిచి, కాగితం కొలత మళ్లీ వెతికి, అంచులు మళ్లీ కొలిచి, రెండేసి రాత్రులు దానికే వెచ్చించేవాణ్ణి. 2024లో తెలివి వచ్చిందనుకుని నిరుటి ఫైలునే తెరిచి, పేర్లు మార్చి, దాని మీదే భద్రపరిచాను. అచ్చయి వచ్చిన పత్రికలో రెండు తప్పులు కనిపించాయి. క్రోధి నామ సంవత్సరానికి స్వాగతం చెప్పవలసిన పత్రికలో ఒక మూల శోభకృత్ అన్న పేరు అలాగే మిగిలిపోయింది. తోరణం ఒక అంచున నిండుగా ఉండి, ఎదుటి అంచున సన్నని తెల్లగీత వదిలి తెగింది. మొదటి తప్పు నాదని వెంటనే ఒప్పుకున్నాను. రెండోది ప్రెస్సు వాళ్లదని వాదించడానికి వెళ్తే, అక్కడి ఆపరేటరు నా ఫైలు తెరిచి చూపించి, “బ్లీడ్ ఎంగే సార్?” (బ్లీడ్ ఎక్కడ సార్?) అని తమిళంలో ఒక్క మాట అడిగాడు. తెగే గీతకు బయట బొమ్మను కాస్త పొడిగించే ఆ భాగం నా ఫైలులో లేదు. అదీ నా తప్పే.

పాత ఫైలును టెంప్లేట్ అనుకోవడం దగ్గరే రెండు తప్పులూ మొదలయ్యాయి. ఫోటోషాప్, గింప్ వంటి చిత్ర సవరణ సాఫ్ట్‌వేర్లతో పనిచేసేవాళ్లు టెంప్లేట్ అనే ఒక్క మాటను నాలుగు వేర్వేరు విషయాలకు వాడుతుంటారు. కొత్త ఫైలు తెరిచేటప్పుడు ఎంచుకునే కాగితం కొలత ఒకటి. ఆ కాగితం మీద కనిపిస్తూ అచ్చులోకి రాని గైడ్ గీతలు రెండోది. శీర్షిక, బొమ్మ, వివరాలు ఎక్కడెక్కడ కూర్చోవాలో నిర్ణయించే లేయర్ల (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల) అమరిక మూడోది. వీటన్నిటినీ మోస్తూ, తెరిచినవాళ్ల చేతిలో చెడిపోకుండా ఉండవలసిన మూల ఫైలు నాలుగోది. సాఫ్ట్‌వేర్ ఈ నాలుగింటినీ ఒకే చోట దాచదు, చిక్కంతా అక్కడే. ఫోటోషాప్‌లో కాగితం కొలతను ప్రీసెట్‌గా భద్రపరిస్తే కొలత, రిజల్యూషన్, రంగుల పద్ధతి అందులో చేరతాయి గాని గైడ్లు చేరవు. గింప్‌లో ఫైల్ మెనూలో ఉండే క్రియేట్ టెంప్లేట్ కూడా కొలతలనూ రిజల్యూషన్‌నూ రంగుల వివరాలనూ గుర్తుపెట్టుకుని, గైడ్లనూ లేయర్లనూ వదిలేస్తుంది. అరగంట కూర్చుని గైడ్లన్నీ పెట్టి, టెంప్లేట్‌గా భద్రపరిచి, మర్నాడు తెరిస్తే ఖాళీ కాగితం ఎదురైందని వాపోయేవాళ్లు పొరబడేది ఈ తేడా దగ్గరే.

గైడ్లు ఎక్కడ పెట్టాలన్నది కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చే విషయం కాదు. అది కటింగ్ మిషన్ దగ్గర తేలుతుంది. ప్రెస్సులో మన పత్రికలను ఒక్కొక్కటిగా కత్తిరించరు. పెద్ద కాగితం మీద నాలుగేసి, ఎనిమిదేసి అచ్చువేసి, వందల కాగితాలను దొంతరగా పేర్చి, కత్తి కింద పెట్టి ఒక్క వేటున కోస్తారు. కత్తి దిగేటప్పుడు దొంతరలోని కాగితాలు కొద్దిగా జరుగుతాయి. అచ్చు పడిన చోటులో కూడా ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. రెండూ కలిసి తెగే చోటు ఒక మిల్లీమీటరు, ఒక్కోసారి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఎంత జాగ్రత్తగా పనిచేసినా ఈ తేడా పూర్తిగా పోదు. అందుకే అచ్చుకు వెళ్లే ఫైలులో ఒక అంచు చాలదు, మూడు కావాలి. కాగితం చివరికి తెగవలసిన గీత ట్రిమ్. దానికి బయట నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్ల మేర బొమ్మనూ రంగునూ పొడిగించి, తెగి పడిపోవడానికే అచ్చువేసే భాగం బ్లీడ్. ట్రిమ్‌కు లోపల ఐదు మిల్లీమీటర్ల దూరంలో, అక్షరాలూ లోగోలూ దాటకూడని గీత సేఫ్ మార్జిన్. కత్తి బయటికి జరిగితే బ్లీడ్ కాపాడుతుంది, లోపలికి జరిగితే సేఫ్ మార్జిన్ కాపాడుతుంది. నా తోరణం సరిగ్గా ట్రిమ్ గీత దగ్గర ఆగిపోయింది కాబట్టి, కత్తి బయటికి జరిగిన వైపున అచ్చు పడని తెల్లకాగితం బయటపడింది.

పెళ్లి పత్రికలకు అంచు చుట్టూ సన్నని బంగారు గీత కావాలని పట్టుబట్టేవాళ్లను ఇక్కడ తలుచుకోక తప్పదు. చెన్నైలో పెళ్లి పత్రికలు అమ్మే ఆండర్సన్ వీధి దుకాణాల్లో అందంగా కనిపించిన నమూనా చూసి, ఆ గీతను తమ ఫైలులో అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరాన గీసుకొస్తారు. కత్తి ఒక మిల్లీమీటరు జరిగితే ఒక వైపు మూడు, ఎదుటి వైపు ఒకటి మిగులుతుంది. చదవడం రాని పిల్లవాడికైనా ఆ వంకర కనిపిస్తుంది. అదే గీత అంచుకు ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఏడుకూ తొమ్మిదికీ మధ్య తేడాను ఎవరూ పట్టించుకోరు.

ఇక అంకెలు. ఏ5 కాగితం 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. ఎత్తు. నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే ఫైలు కొలత 154, 216 అవుతుంది. మంచి కాగితం మీద ఆఫ్‌సెట్ అచ్చులో అంగుళానికి 150 చుక్కల వరుసలు సాధారణం. బొమ్మలో దానికి రెట్టింపు పిక్సెళ్లు ఉంటే చాలునన్న పాత లెక్క నుంచే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) అనే అంకె వచ్చింది. ఆ రిజల్యూషన్ దగ్గర ఒక మిల్లీమీటరు అంటే దాదాపు 11.81 పిక్సెళ్లు, కాబట్టి మన ఫైలు 1819 పిక్సెళ్ల వెడల్పు, 2551 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. సభా వేదిక వెనక కట్టే ఫ్లెక్సీకి ఇంత అక్కర్లేదు, దూరం నుంచి చూసేది కాబట్టి 100 పీపీఐ సరిపోతుంది. పది అడుగుల వెడల్పూ నాలుగు అడుగుల ఎత్తూ ఉన్న ఫ్లెక్సీ ఆ లెక్కన 12,000 పిక్సెళ్లకు 4,800 అవుతుంది. ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెళ్ల వరకూ మోయగలదు గనక చిక్కేమీ లేదు.

ఏ4, ఏ5 వంటి ‘ఏ’ వరస కాగితాలకు ఒక సౌకర్యం ఉంది. ఏ4ను సగానికి మడిస్తే ఏ5, దాన్ని మడిస్తే ఏ6. అన్నిటిలోనూ వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి ఒకటే. దీన్ని చూసి, ఏ4కు చేసిన టెంప్లేట్‌ను కుదించేస్తే ఏ5 టెంప్లేట్ సిద్ధమైపోతుందని అనిపిస్తుంది. బొమ్మ చక్కగానే కుదురుతుంది, కానీ దానితో పాటు మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ కూడా రెండుకు తగ్గిపోతుంది, ఐదు మిల్లీమీటర్ల సేఫ్ మార్జిన్ మూడున్నరకు వస్తుంది. కాగితం చిన్నదైందని కత్తి తన జరుగుడును తగ్గించుకోదు. ఒక్కో కొలతకు ఒక్కో మూల ఫైలు విడిగా చేసుకోవాలి.

ఫోటోషాప్‌లో గైడ్లను రూలర్ నుంచి మౌస్‌తో లాగి పెట్టడం అందరికీ తెలిసిన దారి, అన్నిటికంటే నమ్మదగని దారి కూడా. తెరను ఎంత పెద్దది చేసి చూస్తున్నామన్నదాన్ని బట్టి మూడు మిల్లీమీటర్ల దగ్గర పెట్టాననుకున్న గీత 2.8 దగ్గరో 3.15 దగ్గరో కూర్చుంటుంది. లాగేటప్పుడు షిఫ్ట్ నొక్కి ఉంచితే గీత రూలర్ మీది గుర్తులకు అతుక్కుంటుంది గాని, అంకె టైపు చేయగలిగినప్పుడు కంటిని నమ్ముకోవడం ఎందుకు? 2014లో వచ్చిన వెర్షన్ నుంచి వ్యూ మెనూలో న్యూ గైడ్ లేఅవుట్ అనే సౌకర్యం ఉంది. 154, 216 కొలతతో ఫైలు తెరిచి, అందులో కాలమ్‌ల టిక్ తీసేసి, మార్జిన్ నాలుగు గడుల్లోనూ 3 మి.మీ. అని రాస్తే నాలుగు ట్రిమ్ గీతలు ఒక్కసారి వస్తాయి. మళ్లీ అదే తెరిచి, ఉన్న గైడ్లను తుడిచేసే గడిలో టిక్ లేకుండా చూసుకుని, ఈసారి 8 మి.మీ. రాస్తే సేఫ్ గీతలు వస్తాయి. ఐదు కాకుండా ఎనిమిది ఎందుకంటే, కొలత మొదలయ్యేది ట్రిమ్ దగ్గర కాదు, బ్లీడ్ చివర. ఇక్కడ ఐదు రాసినవాళ్ల అక్షరాలు కత్తికి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే నిలబడతాయి. ఈ గైడ్ అమరికను విడిగా ప్రీసెట్‌గా భద్రపరిచే వీలుంది. కాగితం ప్రీసెట్‌లో చేరని గైడ్లకు ఇదొక ప్రత్యామ్నాయం.

ఇంకో దారి పాతది, ఎక్కువ ముచ్చటైనది. ముందు ట్రిమ్ కొలతకే, అంటే 148, 210కే ఫైలు తెరవాలి. నిలువుగా 0 శాతం, 100 శాతం దగ్గర, అడ్డంగా 0 శాతం, 100 శాతం దగ్గర గైడ్లు పెట్టాలి. తర్వాత కాన్వాస్ సైజ్‌లో రెలెటివ్ అన్న గడి టిక్ చేసి, వెడల్పుకూ ఎత్తుకూ ఆరేసి మిల్లీమీటర్లు కలపాలి. కాగితం నాలుగు దిక్కులా పెరుగుతుంది, గైడ్లు మాత్రం పాత అంచుల దగ్గరే ఉండిపోతాయి. కూడికలూ తీసివేతలూ లేకుండా బ్లీడ్ తయారవుతుంది. ఏ దారిలో వెళ్లినా, చివర్లో రూలర్ల ఎడమ పై మూలను పట్టుకుని లాగి, సున్నాను ట్రిమ్ మూల మీద పెట్టుకుంటే ఆ తర్వాత కొలతలన్నీ తెగిన కాగితం లెక్కలోనే కనిపిస్తాయి. పని అయ్యాక గైడ్లకు తాళం వేసేయాలి. బొమ్మను జరపబోయి గైడ్‌ను జరపడం ఎవరికైనా జరిగేదే.

గింప్‌లో గైడ్ స్థానాన్ని పిక్సెళ్లలో గాని శాతంలో గాని చెప్పాలి, మన పనికి పిక్సెళ్లే అనువు. మన ఏ5 ఫైలులో మూడు మిల్లీమీటర్లకు 35 పిక్సెళ్లు, ఎనిమిదింటికి 94. అంటే నిలువు గైడ్లు 35, 94, 1725, 1784 దగ్గరా, అడ్డ గైడ్లు 35, 94, 2457, 2516 దగ్గరా పడాలి. ఎనిమిది సార్లు టైపు చేయడం విసుగనిపిస్తే ఒక ఉపాయం ఉంది. మొత్తం సెలెక్ట్ చేసి, సెలెక్ట్ మెనూలో ష్రింక్ ఎంచుకుని 35 పిక్సెళ్లు తగ్గించి, ఇమేజ్ మెనూలోని గైడ్స్ కింద న్యూ గైడ్స్ ఫ్రమ్ సెలెక్షన్ నొక్కితే నాలుగు ట్రిమ్ గీతలూ పడతాయి. ఇంకో 59 పిక్సెళ్లు తగ్గించి మళ్లీ నొక్కితే సేఫ్ గీతలు. ష్రింక్ చేసేటప్పుడు ఎంపిక బొమ్మ అంచుకు బయట కూడా కొనసాగుతుందని భావించే గడిలో టిక్ ఉండకూడదు, ఉంటే ఏమీ తగ్గదు. ఈ గైడ్లు గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలులో నిలుస్తాయి. కాబట్టి గింప్ వాడేవాళ్లకు అసలైన టెంప్లేట్ అంటే క్రియేట్ టెంప్లేట్ కాదు, గైడ్లతో లేయర్లతో భద్రపరిచిన ఎక్స్‌సీఎఫ్ ఫైలే.

కంప్యూటర్లు రాకముందు కూడా గైడ్లు ఉండేవి. అక్షరాల కాగితాలను బోర్డు మీద అంటించి పేజీ తయారుచేసే రోజుల్లో, అంచులనూ వరుసలనూ లేత నీలి పెన్సిల్‌తో గీసేవారు. పేజీని ఫోటో తీసే లితో ఫిల్ముకు లేత నీలం తెలుపులాగే కనిపిస్తుంది, అందువల్ల గీతలు మనిషి కంటికి ఉంటాయి, ప్లేటులోకి రావు. ఫోటోషాప్ తొలి అమరికలో గైడ్లు లేత నీలంలో ఉండడం చూసినప్పుడల్లా నాకు ఆ పెన్సిలే గుర్తొస్తుంది.

గైడ్ అచ్చులోకి రాదన్నది మనకు ఎంత మేలో, ఒక చోట అంత కీడు కూడా. మనం పీడీఎఫ్‌గానో టిఫ్‌గానో పంపిన ఫైలును ప్రెస్సులో కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెచ్చి పెట్టుకుని, కటింగ్ గుర్తులు వాళ్లే వేసుకుంటారు. ఎక్కడ కోయాలో చెప్పే మన గైడ్లు అక్కడ కనిపించవు. ఇల్లస్ట్రేటర్‌లో, ఇన్‌డిజైన్‌లో, స్క్రైబస్‌లో (ఇవి పేజీలు అమర్చడానికీ గీతల బొమ్మలకూ వాడే సాఫ్ట్‌వేర్లు) పీడీఎఫ్ తీసేటప్పుడు బ్లీడ్ ఎంతో విడిగా చెప్పవచ్చు. ఫోటోషాప్ పీడీఎఫ్‌గా భద్రపరిచేటప్పుడు ఆ గడి ఉండదు. దానికి విరుగుడుగా కొందరు ట్రిమ్ దగ్గర నల్లగీత గీసి పంపుతారు. ఆ గీత అచ్చవుతుంది, కత్తి దాని మీద సరిగ్గా దిగదు, పత్రికకు ఒక పక్క నల్ల అంచు మిగులుతుంది. నేను చేసే పని సాదాసీదాది: ఫైలు పేరులోనే “154x216 బ్లీడ్‌తో, కటింగ్ 148x210” అని రాసి పంపుతాను. ఇంగ్లీషులో రాస్తే ఇంకా మంచిది, ఎందుకంటే చదివేది తెలుగు రాని ఆపరేటరు.

ప్రెస్సు ఏ కాగితం మీద అచ్చువేస్తుందో ముందే కనుక్కోవడం కూడా అవసరం. డిజిటల్ ప్రెస్సుల్లో 12 అంగుళాలకు 18, 13 అంగుళాలకు 19 కాగితాలు వాడుకలో ఉన్నాయి. బ్లీడ్‌తో కూడిన ఏ5లను రెండు వరసల్లో రెండేసి పేర్చితే 308 మి.మీ. వెడల్పు కావాలి. 12 అంగుళాలంటే 305 మి.మీ. కూడా లేదు, నాలుగు పట్టవు. 13 అంగుళాల కాగితం మీద హాయిగా పడతాయి. మూడు మిల్లీమీటర్ల కోసం కాగితం ఖర్చు ఎక్కడికి పోతుందో టెంప్లేట్ చేసే రోజునే తెలిస్తే మంచిది.

మడత పత్రికల సంగతి కొంచెం ఓపికగా చూడాలి. ఏ4ను అడ్డంగా పెట్టి మూడు రేకులుగా మడిచే కరపత్రానికి 297ను మూడుతో భాగించి 99 దగ్గర, 198 దగ్గర గైడ్లు పెట్టేస్తారు చాలామంది. అలా చేస్తే లోపలికి మడిచే రేకు మిగతా రెండింటి మధ్య సరిగా ఇమడక, అంచు దగ్గర ఉబ్బుతుంది. లోపలి రేకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి: 100, 100, 97. అసలు తిరకాసు ఇక్కడ మొదలవుతుంది. కాగితం లోపలి వైపు చూస్తే లోపలికి మడిచే రేకు కుడి చివర ఉంటుంది, కాబట్టి మడత గైడ్లు 100, 200 దగ్గర పడతాయి. కాగితాన్ని తిప్పి వెలుపలి వైపు చూస్తే అదే రేకు ఎడమ చివరకు వస్తుంది, అప్పుడు గైడ్లు 97, 197 దగ్గర పడాలి. బ్లీడ్ చివర నుంచి కొలిస్తే వీటన్నిటికీ మూడు కలపాలి. అందువల్ల ఒకే గైడ్ల అమరికతో రెండు వైపులా చేసిన కరపత్రంలో ఒక వైపు రాత మడత మీదికి వచ్చే ప్రమాదం ఉంది. వెలుపలికి ఒకటి, లోపలికి ఒకటి రెండు మూల ఫైళ్లు ఉండాలి, వాటి పేర్లలో ఆ తేడా రాసి ఉండాలి.

టెంప్లేట్‌లో తెలుగు అక్షరాలు నింపేటప్పుడు వచ్చే ఇబ్బందులు ఇంగ్లీషు పాఠాల్లో ఎక్కడా దొరకవు. మన లిపికి పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ ఉంటాయి. ఫోటోషాప్ తనంతట తాను వదిలే వరుసల మధ్య దూరం అక్షర పరిమాణానికి 120 శాతం. ఆ దూరంలో పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను గుద్దుకుంటాయి. కనీసం 140, వీలైతే 150 శాతం పెట్టి, ఆ దూరంలోనే అడ్డ గైడ్లు వేసి మూల ఫైలులో ఉంచితే, పేరు పొడవు ఎంత మారినా వరుసలు కుదురుగా ఉంటాయి.

అక్షరాలు కలవడం ఇంకో సంగతి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా లిపులకు ఉద్దేశించిన టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. లక్ష్మి అన్న పేరు లక్‌ష్‌మి అని పొల్లులతో పడుతుంది. ఆ అమరిక పేరాకు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, ఒకసారి మూల ఫైలులో సరిగా పెడితే దానితోనే వస్తుంది. చెన్నైలో దీని ప్రాముఖ్యం వేరు. 1854లో వావిళ్ల వారి ముద్రణాలయం పుట్టిన ఊరిది, ఒకప్పుడు తెలుగునాడంతటికీ పుస్తకాలు అచ్చువేసి పంపిన ఊరిది. ఇప్పుడు నాకు ఎదురయ్యే ప్రెస్సుల్లో తెలుగు చదవగల ఆపరేటరు అరుదు. తమిళంలో హల్లు మీద పుళ్లి చుక్క పెట్టడమే సహజమైన రాత. వత్తు విడిపోయి పొల్లుతో కనిపించిన తెలుగు మాట తమిళ కంటికి తప్పుగా తోచే అవకాశమే లేదు. అందుకని ప్రెస్సుకు పంపే నకలులో అక్షరాలను కన్వర్ట్ టు షేప్‌తో ఆకారాలుగా మార్చేస్తాను. మూల ఫైలులో మాత్రం అవి అక్షరాలుగానే ఉండాలి, లేకపోతే మరుసటి ఏడు మార్చడానికి ఏమీ మిగలదు. పాత డీటీపీ ఫైళ్లలోని అను ఫాంట్ల రాతను టెంప్లేట్‌లోకి తెచ్చుకోకపోవడమే మేలు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అది ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

నలుపు గురించి కూడా మూల ఫైలులోనే తేల్చుకోవాలి. తెర రంగుల్లోని నలుపును ఫోటోషాప్ తొలి అమరికతో అచ్చు రంగుల్లోకి మారిస్తే నీలం 75, గులాబీ 68, పసుపు 67, నలుపు 90 శాతాల మిశ్రమం అవుతుంది. పెద్ద అక్షరాలకు పరవాలేదు. పది పాయింట్ల తెలుగు రాతలో నాలుగు రంగుల ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా తలకట్లూ వత్తులూ మసకబారి, చదివేవాడు కళ్లజోడు తుడుచుకుంటాడు. సీఎంవైకే, అంటే ఈ నాలుగు అచ్చు రంగుల ఫైలులో చిన్న రాతకు నలుపు ఒక్కటే 100 శాతం, మిగతా మూడూ సున్నా ఉండాలి. గింప్ రంగులను ఆర్‌జీబీలోనే, అంటే తెర రంగుల్లోనే ఉంచి పనిచేస్తుంది కాబట్టి, గింప్‌లో బొమ్మ వరకూ చేసుకుని, రాతను స్క్రైబస్‌లో పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. అక్కడ నల్ల అక్షరాలు నల్ల ప్లేటులోనే ఉంటాయి, బ్లీడ్ కూడా పీడీఎఫ్‌లోకి వెళ్తుంది.

ఆ క్రోధి పత్రికలో పాత సంవత్సరం పేరు ఎందుకు మిగిలిపోయిందో ఇప్పుడు చెప్పడం తేలిక. పాత ఫైలులోని పాత సమాచారం చూడటానికి సరిగ్గానే ఉంటుంది. కన్ను దాన్ని తప్పుగా గుర్తించదు. అందుకే ఇప్పుడు నా మూల ఫైలులో ఒక్క నిజమైన పేరూ తేదీ లేదు. పేర్ల చోట “గగగగ గగగగ” అని ముదురు గులాబీ రంగులో రాసి ఉంటుంది, ఏది మార్చడం మరిచిపోయినా పది అడుగుల దూరం నుంచి కనిపించేలా. అతిథి ఫోటో చోట స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (లోపలి బొమ్మను మార్చుకోగలిగే లేయర్‌గా) ఒక బూడిదరంగు చతురస్రం ఉంటుంది. రీప్లేస్ కంటెంట్స్‌తో ఫోటో మారిస్తే ఆ చోటూ వాలూ అలాగే నిలుస్తాయి. పీఎస్‌డీ ఫైలు పేరు చివరి అక్షరాలను పీఎస్‌డీటీగా మార్చాను. అలా చేస్తే ఫోటోషాప్ దాన్ని తెరిచినప్పుడు పేరులేని కొత్త ఫైలుగా తెరుస్తుంది, భద్రపరచబోతే కొత్త పేరు అడుగుతుంది. ఎక్స్‌సీఎఫ్ ఫైలుకు అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి, కంప్యూటర్లో ఆ ఫైలును చదవడానికి మాత్రమే అని గుర్తుపెట్టాను.

అన్నిటినీ టెంప్లేట్‌లో బిగించాలనుకోవడం కూడా పొరపాటే. మా బృందం సమ్మేళనంలో చదివిన కవితలను సంకలనంగా తెచ్చినప్పుడు డెమీ 1/8 పుస్తకానికి అట్ట చేయవలసి వచ్చింది. ముందు అట్ట, వెనక అట్ట ఒక్కొక్కటి ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు, అవి మారవు. మధ్యలోని వీపు వెడల్పు పుటల సంఖ్యనూ కాగితం మందాన్నీ బట్టి ప్రతి పుస్తకానికీ మారుతుంది. ఆ రెండు గైడ్లను మూల ఫైలులో పెట్టకుండా, ప్రెస్సు అదే కాగితంతో అన్నే ఖాళీ పుటలతో కుట్టి ఇచ్చిన డమ్మీని స్కేలుతో కొలిచాకే పెట్టాను.

కొత్త మూల ఫైలు ఏది తయారైనా, మొదటిసారి వాడబోయే ముందు దాని నకలు ఒకటి తీసి, గైడ్లు ఉన్న చోటల్లా కావాలనే సన్నని గీతలు గీసి, బ్లీడ్ భాగమంతా ఎర్రరంగు నింపి, ప్రెస్సులో పాతిక కాగితాలు అచ్చువేయించి కోయిస్తాను. కోసిన కాగితంలో ఎర్ర అంచు ఏ వైపు ఎంత మిగిలిందో, లోపలి గీత నాలుగు అంచులకూ ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిచి, ఆ అంకెలు కాగితం వెనకే రాసుకుంటాను. క్రోధి పత్రిక తర్వాత అదే ప్రెస్సులో చేయించిన అలాంటి కాగితం ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. దాని మీద అన్నిటికంటే పెద్ద తేడా, ఎడమ వైపున, 1.2 మి.మీ.